మెషినెక్కిన మొదటి గంట

నేను ఒక చెవిని. అరువు చెవిని. దేవుడిచ్చిన రెండు చెవులూ పైపై మాటలకే సరిపోతున్నాయని, చర్మం కింద జరిగే సంగతులు వినడానికి మనుషులు నన్ను చేసుకున్నారు. చదువుకున్నవాళ్లు నన్ను స్టెతస్కోపు అంటారు. మా సెంటరుకు వచ్చే జనం మాత్రం గుండెగొట్టం అంటారు. నాకు ఆ పేరే ఇష్టం.

నేను చెప్పబోయేది హత్య కథలా ఉంటుంది. ఇందులో చనిపోయినవాడున్నాడు. ఆయుధం ఉంది. అంతా పట్టపగలు, పదిమంది కళ్లెదుటే జరిగింది. నేరస్థుడు మాత్రం లేడు. ఉండి ఉంటే ఈ కథ ఇంత బరువుగా ఉండేది కాదు.

ముందు నా సంగతి. ఎక్కడో ఉత్తరాదిలో, ఆపరేషన్ కత్తెరలూ పటకార్లూ చేసే ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నా బిళ్లను లేతు మీద తిప్పి, గొట్టం తొడిగి, పని చేస్తున్నానో లేదో చూడడానికి ఆ పనివాడు నన్ను తన రొమ్ముకే ఆనించుకున్నాడు. బీడీలు తాగే గుండె అది. నా అక్షరాభ్యాసం అక్కడే జరిగింది.

తర్వాత మెడిసిన్ చదివే కుర్రాడు పాణిగ్రాహి నన్ను కొన్నాడు. మొదటి ఏడాదంతా నాతో ఒక్క గుండె కూడా వినలేదు. బస్సు ఎక్కేటప్పుడు మాత్రం మెడలో వేసుకునేవాడు. కండక్టరు 'డాక్టరు గారూ, ఇలా కూర్చోండి' అంటే చాలు, ఆ రోజు చదువు పూర్తయినట్టే. తర్వాత నిజంగానే మంచి డాక్టరయ్యాడు. ఉద్దానంలో కిడ్నీలు పాడైన జనం కోసం కొబ్బరితోటల మధ్య డయాలసిస్ సెంటరు పెడితే, పట్నం వదిలి వచ్చి దాన్ని నడిపాడు. ఎవరో ఆయనకు ఇంకా మెరిసే స్టెతస్కోపు బహుమతిగా ఇచ్చారు. అప్పుడు నేను ఎస్తేరు సిస్టరు మెడలోకి మారాను.

డాక్టరు మెడలో ఉన్నప్పుడు నాకు గౌరవం ఎక్కువ, పని తక్కువ. నర్సు మెడలోకి వచ్చాక తలకిందులైంది. నేను ఫిర్యాదు చేయను. నిజంగా వినడం అక్కడే నేర్చుకున్నాను.

డయాలసిస్ చేయించుకునేవాళ్ల చేతిలో ఒక వింత ఏర్పాటు ఉంటుంది. గుండె నుంచి వచ్చే గట్టి రక్తనాళాన్నీ, గుండెకు వెళ్లే మెత్తని నాళాన్నీ మణికట్టు దగ్గర కలిపి కుడతారు. ఫిస్టులా అంటారు. రెండు కలిశాక అక్కడ రక్తం ఉరకలు వేస్తుంది. సూదులు అక్కడే గుచ్చి, రక్తాన్ని మెషిన్‌లోకి పంపి, కడిగి, తిరిగి ఎక్కిస్తారు. ఆ నాళం ఆడినంత కాలమే మనిషికి మెషిను. మెషినున్నంత కాలమే మనిషి. దాని మీద నన్ను పెడితే ఆగకుండా ఒక హోరు వినిపిస్తుంది, అల వెనక్కి పోతూ ఇసుకను ఈడ్చుకుపోయే చప్పుడులా.

ఢిల్లేశ్వరరావు చేతిలో ఆ హోరు అందరికంటే గట్టిగా ఉండేది. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపిన చేయి అది. కిడ్నీలు ఎండిపోయినా నరాల్లో పొగరు తగ్గలేదు.

"సిస్టరమ్మా, ఈయాల నా సెయ్యి ఏటంటన్నాది?" అని అడిగేవాడు.

"గొణుగుతున్నాదన్నా. మీ ఆవిడ దగ్గర నేర్చుకున్నాదేమో," అనేది ఎస్తేరు.

పక్కన స్టూలు మీద కూర్చున్న బృందావతి ఊరుకునేది కాదు. "నాను గొణుగుతానా? నాను గొణిగితే ఈ తోటలో బొండాలన్నీ రాలిపోతాయి, ఈయన ఎక్కక్కర్నేదు."

బృందావతి అతనికి అక్క కూతురు. మావా అని పిలుస్తూ పెరిగి, ఆ పిలుపుతోనే పెళ్లాడింది. జీడిపిక్కల బట్టీలో పని. పిక్క పైపెంకులోని జీడినూనె అంటి అంటి ఆమె వేళ్లు నల్లగా ఉండేవి, ఏ సబ్బుకూ లొంగని నలుపు. పొద్దున లేవగానే ఆమె మొదటి పని మొగుడి మణికట్టుకు చెవి ఆనించడం. నేను చేసే పనే, గొట్టం లేకుండా చేసేది. హోరు వినిపించాకే పొయ్యి వెలిగించేది.

ఆమెకు ఒకే కోరిక. తన కిడ్నీ ఒకటి అతనికి ఇవ్వాలి. రక్తాలు కలిశాయి, పరీక్షలన్నీ కుదిరాయి. విశాఖపట్నంలో పెద్ద సర్జను ఆపరేషను చేస్తానన్నాడు. కిడ్నీ ఇవ్వడానికి అనుమతించే కమిటీ ముందు కూర్చోబెట్టి 'నీ ఇష్టంతోనే ఇస్తున్నావా, ఎవరైనా బలవంతం చేశారా' అని అడిగితే ఆమె చెప్పిన జవాబు సెంటరంతా పాకిపోయింది. "నాకు రెండున్నాయి, మావకి ఒకటీ నేదు. ఇందుల బలవంతమేటి బాబూ, పంపకాలు."

పక్క మంచం గవరయ్యది. లారీ నడిపిన ముసలాయన, కడుపులోని కష్టాన్ని కూడా నవ్వుతూనే చెప్పేవాడు. "ఓలె బుందా, నీ కిడ్నీ ఎల్లినాక మీ మావ కూడా బట్టీ కబుర్లే సెప్తాడేమోనే. రెండు నోళ్లు మేం తట్టుకోలేం."

ఇక అసలు సంగతి. ఇది మా సెంటరు వాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు.

చాలా రోజుల కిందట ఒక ముసలమ్మ మెషిన్ మీద పడుకుని అరటిపండు కోసం చిన్నపిల్లలా ఏడ్చింది. కిడ్నీ రోగులకు అరటిపండు ప్రమాదం. అందులోని పొటాషియం ఒంట్లో పేరుకుపోతే గుండె ఆగిపోవచ్చు. పాణిగ్రాహి డాక్టరు జాలిపడ్డాడు. "మెషినెక్కిన మొదటి గంటలో ఒక ముక్క తినండమ్మా, ఎక్కిన పొటాషియాన్ని మెషినే లాగేస్తుంది," అన్నాడు. అన్నమాట తప్పు కాదు. ముక్క తిని ఆమె కళ్లు తుడుచుకుంది. డాక్టరు తన గదికి వెళ్లిపోయాడు.

మాటకు మాత్రం కాళ్లొచ్చాయి. ముసలమ్మ తన పక్క మంచానికి చెప్పింది. ఆ మంచం ఇంకో మంచానికి చెప్పింది. చెప్పినకొద్దీ అరటిపండు ముక్క పండయింది, పండు పనసతొన అయింది, పనస పోయి ఎండుచేపల పులుసు వచ్చింది. పొటాషియం అనే మాట దారిలో ఎక్కడో జారిపోయింది. చివరకు మిగిలింది ఇంతే: మెషినెక్కిన మొదటి గంటలో ఏం తిన్నా మెషినే కడిగేస్తుంది.

దాంతో అది మా సెంటరు ఆచారమైపోయింది. ఇంట్లో వీళ్లంత పత్యం చేసేవాళ్లు లేరు. బృందావతి కూర ముక్కలు ఉడికించి, నీళ్లు పారబోసి, మళ్లీ ఉడికించేది. పాలు లేవు, కొబ్బరి లేదు, ఉప్పు చిటికెడే. తిండిలోని భాస్వరం ఒంటికి పట్టకుండా అన్నం మధ్యలో నమలాల్సిన మాత్ర దగ్గరుండి నమిలించేది. మెషినెక్కే రోజు మాత్రం క్యారియర్లు తెరుచుకునేవి. తువ్వాళ్లు ఒళ్లో పరుచుకుని, సూదులు లేని చేత్తో అందరూ విందు చేసుకునేవారు. ఎస్తేరు కూడా ఏమీ అనేది కాదు. డాక్టరే ఒప్పుకున్నాడని ఆమెకూ తెలుసు మరి.

బృందావతి తెచ్చేది జీడిపప్పు. బట్టీలో విరిగిన ముక్కలు పనివాళ్లకు ఇచ్చేవారు. వాటిని మిరియాలు వేసి వేయించి, ఒక్కోసారి ఎండుచేపతో కలిపి కూర చేసి, నల్లని వేళ్లతో ముద్దలు కలిపి మొగుడి నోట్లో పెట్టేది. వారమంతా చప్పిడి తిన్న మనిషి కళ్లు మూసుకుని నమిలేవాడు. ఆ గంటలో మాత్ర ఇచ్చేది కాదు. మెషినే కడిగేస్తుంటే మాత్ర దండగ కదా.

ఇది ఎవరూ దాచలేదు. ఎవరూ చెప్పలేదు కూడా. డాక్టరు తన ఓపీ పూర్తయ్యాకే వార్డులోకి వచ్చేవాడు. అప్పటికి క్యారియర్లు కడిగి బోర్లించి ఉండేవి.

ఢిల్లేశ్వరరావు రక్తపరీక్షలో ఫాస్ఫరస్, అదే భాస్వరం, పెరగడం మొదలైంది. తగ్గలేదు. డాక్టరు బృందావతిని గదిలోకి పిలిచి నిలదీశాడు.

"ఇంట్లో ఏం పెడుతున్నావమ్మా?"

"మా ఇంటి కూర మీరు ఒకసారి తినండి బాబూ. కుక్క కూడా నా ముకం సూసి మొహమాటానికి తింటాది."

"పాలు? గుడ్లు? పప్పులు?"

"ఇంట్ల అయ్యేటీ నేవు. మా అమ్మోరి మీద ఒట్టు."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఇంట్లో లేవు. డాక్టరు అడిగిందీ ఇంటి సంగతే. తెలివైన మనుషులు సరిగ్గా ఒక్క అడుగు పక్కన ప్రశ్న వేసి, నిజమైన జవాబుతో మోసపోవడం నేను చాలాసార్లు చూశాను.

"ఈ ఫాస్ఫరస్ ఎక్కడిది మరి?" డాక్టరు తల పట్టుకున్నాడు. "చూడమ్మా, కిడ్నీ ఉంటే ఎక్కువైన భాస్వరాన్ని బయటకు తోసేస్తుంది. ఇప్పుడు అది ఒంట్లోనే తిరుగుతూ కాల్షియంతో కలిసి నరాల గోడలకు సున్నంలా పడుతుంది. మీరు నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది చూడు, అలా. నరం మెత్తగా ఉంటేనే కిడ్నీ కుట్టగలం."

"గిన్నెకైతే సింతపండెట్టి తోమీసుకుంతాం. నరానికేటెట్టి తోమడం బాబూ?"

డాక్టరు చీటీ తీసుకున్నాడు. ఇంకో మాత్ర పెంచాడు.

ఆ ఫాస్ఫరస్ ఎక్కడిదో నాకు తెలుసు. నోరు లేదు. వారం వారం అతని ఒళ్లు మారడం నేను విన్నాను. చేతిలో హోరు సన్నబడుతోంది, మధ్యమధ్య ఈల వేస్తోంది. ఇరుకు సందులో గాలి దూరినట్టు. బీపీ చూసేటప్పుడు ఎస్తేరు పట్టీ ఎంత బిగించినా లోపలి నాళం నొక్కుకునేది కాదు, మొండిగా కొట్టుకుంటూనే ఉండేది. గుండె మీద పెడితే, రక్తాన్ని వదిలే కవాటపు తలుపు మడత దగ్గర రాపిడి. అది మెత్తని తలుపు. మెల్లమెల్లగా గచ్చవుతోంది. ఎస్తేరు వింటూ భృకుటి ముడిచేది. డాక్టరుకు చెప్పేది. ఆయన గుండె స్కాను, నరాల స్కాను రాయించి విశాఖపట్నం పంపించాడు.

ఆ ఫలితం ఫోనులో వచ్చింది. సర్జను మాట్లాడుతుంటే పాణిగ్రాహి ఓపీలో రోగిని అలాగే వదిలేసి లేచి వార్డులోకి వచ్చాడు. ఎప్పుడూ రాని వేళ. మెషిన్లు అప్పుడే మొదలయ్యాయి. అది మొదటి గంట.

తలుపు తెరవగానే ఆయనకు ముందు వాసన తగిలింది. మిరియాలు, ఎండుచేప, వేయించిన జీడిపప్పు. మంచం మంచానికీ క్యారియర్లు. గవరయ్య కోడిగుడ్డు ఒలుచుకుంటున్నాడు. బృందావతి వేళ్ల మధ్య ముద్ద, ఢిల్లేశ్వరరావు నోరు తెరిచి ఉన్నాడు.

"రండి బాబూ," అంది బృందావతి, దాచడానికేమీ లేని మనిషి నవ్వుతో. "మా బట్టీ పప్పు. ఒక పలుకు ఏసుకోండి."

డాక్టరు గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఇది... ఎప్పటినుంచి?"

"అయ్యో, మీరే కదా సెప్పినారు! మెషినెక్కినాక మొదటి గంటల ఏటి తిన్నా కడిగీస్తాదని. నాను ఒక్కనాడు మానలేదు బాబూ, అడగండి. వానొచ్చినా, బట్టీల పని ఎక్కువైనా, తెచ్చినాను."

గవరయ్య గుడ్డు పైకెత్తి చూపించాడు. "మీ దయవల్ల బాబూ, మెషినెక్కితే మేం రాజులం."

డాక్టరు ముఖంలో రక్తం దిగిపోవడం నేను ఎస్తేరు మెడలోంచి చూశాను. మెషిను రక్తంలో తేలుతున్న భాస్వరాన్ని కొంతే లాగగలదు. మిగతాది కండల్లో, ఎముకల్లో నక్కి ఉంటుంది. మెషిన్ దిగగానే మళ్లీ బయటకు వస్తుంది. అరటిపండు ముక్కకు ఇచ్చిన సెలవు జీడిపప్పుకు వర్తించదు. ఆ సంగతి చెప్పాలని ఆయనకు ఎప్పుడూ తట్టలేదు, ఎవరూ అడగలేదు గనక.

"అమ్మా, కౌంటరులో స్కాను సీడీ ఉంది, తెచ్చిపెడతావా?" అని ఆమెను బయటకు పంపాడు. ఎస్తేరు మెడలోంచి నన్ను తీసుకుని ఢిల్లేశ్వరరావు రొమ్ము మీద పెట్టాడు. వినడానికి కాదు. చేతులకు ఏదో ఒక పని కావాలి కదా.

"ఢిల్లేసూ, ఆపరేషను కుదరదంటున్నారు. కిడ్నీ కుట్టాల్సింది పొత్తికడుపులో ఉండే పెద్ద నరానికి. అది గుడ్డుపెంకులా అయిపోయింది. సూది దిగదు, పట్టుకుంటే పగులుతుంది."

అతని గుండె ఒక్కసారి తడబడి మళ్లీ అందుకుంది. అతను డాక్టరు ముఖం వైపు చూడలేదు. మంచం మీదున్న క్యారియర్ గిన్నె వైపు చూశాడు. చెట్టెక్కేవాడికి కొమ్మ ఎక్కడ విరుగుతుందో ముందే తెలుస్తుంది.

"ఇదేనా బాబూ?"

డాక్టరు అవునన్నట్టు తల ఊపాడు.

"బుందాకి సెప్పకండి."

"ఢిల్లేసూ..."

"నా గుండె బాగోనేదని సెప్పండి. ఆపరేషను తట్టుకోలేదని సెప్పండి. ఏటైనా సెప్పండి. దాని సేత్తో దానే నాకు... ఆ మాట ఇంటే అది బతకదు బాబూ. నానెలాగూ పోయేవోణ్ని. దాన్నెందుకు?"

తలుపు దగ్గర ఆమె చెప్పుల చప్పుడు. డాక్టరుకు ఆలోచించుకునే వ్యవధి లేదు. అతని మీద జాలా, తన మాట మీద సిగ్గా, ఏది గెలిచిందో నాకు తెలియదు. బృందావతి సీడీ చేతికిచ్చేసరికి అబద్ధం సిద్ధంగా ఉంది.

"గుండె బలహీనంగా ఉందమ్మా. ఆపరేషను చేస్తే ఆగిపోవచ్చు. ఇప్పటికి వద్దంటున్నారు."

ఆమె ఏడవలేదు. "ఆ గొట్టం ఇలాగియ్యండి బాబూ," అని నన్ను చెవుల్లో పెట్టుకుని మొగుడి రొమ్ము విన్నది. రాపిడి ఆమెకు అర్థం కాలేదు. దబదబలాడే గుండే వినిపించింది.

"బాగానే కొట్టుకుంటన్నాది కదా బాబూ. ఇంత సప్పుడు సేసేది బలహీనమా?"

ఆ రోజు నుంచి మంచాల మీద తిండి బందయింది. చీమలొస్తున్నాయని గోడకు బోర్డు పెట్టారు. డాక్టరు ఒక్కో రోగినీ విడిగా గదిలోకి పిలిచి అసలు కారణం చెప్పాడు, బృందావతి చెవిన పడకూడదని కూడా చెప్పాడు. ఉన్న చోట రహస్యం ఆగని మా వార్డు ఆ ఒక్క రహస్యాన్ని మాత్రం ఎంతో క్రమశిక్షణతో కాపాడింది. మంచి మనసుతో చేసే పాపాలకే మనుషుల్లో ఇంత ఐకమత్యం కనిపిస్తుంది.

"ఏటి తాతా, బకాసురుడు ఉపాసం పట్టినాడేటి?" అని గవరయ్యను ఆటపట్టించింది బృందావతి. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

బృందావతి బుర్ర ఊరుకోలేదు. గుండె బలహీనం అన్నారు. బలహీనానికి బలం పెట్టాలి. బట్టీలో ఆడవాళ్లు కూడా అదే అన్నారు. మంచం మీద తినకూడదు, చీమలు. ఇంట్లో పెట్టకూడదు, పత్యం. మరి? మెషినెక్కబోయే ముందు, బయట సిమెంటు బల్ల మీద పెడితే? కడిగే ముందు తిన్నదీ కడిగేదాంట్లోకే వస్తుంది. ఆమె లెక్కలో ఎక్కడా చిక్కు లేదు. అబద్ధం అంత చక్కగా కుదిరింది.

ఎస్తేరుకు అది వాసన వల్ల తెలిసింది. సూదులు గుచ్చడానికి వంగి, నన్ను అతని చేతికి ఆనించి, ఆగిపోయింది.

"అన్నా. మిరియాల వాసన."

అతను కళ్లు మూసుకున్నాడు.

"ఎక్కడ తిన్నావు?"

"బయట. బల్ల మీద."

"తెలిసి తిన్నావా?"

"ఒకసారి ఒద్దన్నాను సిస్టరమ్మా. 'నీకు బతకాలని నేదేటి మావా, నానేటైపోవాల' అనీసి ముద్ద సేతిలనే ఎట్టుకోని కూకుండిపోయింది. నానేటి సెప్పను? కారణం సెప్తే అది సస్తాది. సెప్పకపోతే నాను సస్తాను. నా పనే సులువు కదా."

"నేను చెప్పేస్తాను."

అతను నా గొట్టాన్ని పిడికిట్లో పట్టుకున్నాడు. ఎస్తేరు మెడ వంగింది. "ఒద్దమ్మా. నీకు పుణ్యముంటాది. ఈ వారం పోనీ. నానే సెప్పుకుంతాను."

ఎస్తేరు ఒప్పుకుంది. పోనీ అనే మాట ఎంత మెత్తగా ఉంటుందో అంత లోతు గొయ్యి. అతను ఆ వారం చెప్పలేదు. బల్ల మీద కూర్చుని, పెళ్లాం పెట్టిన ముద్ద తిన్నాడు. ఆమె నవ్వితే తనూ నవ్వాడు. తర్వాత లోపలికి వచ్చి చేయి చాచాడు. ఆ చేతిలో ఈల నానాటికీ సన్నబడింది.

ఒకరోజు పొద్దున్నే ఆటో వచ్చి తలుపు ముందు ఆగింది. ఆ రోజు అతని వంతు కాదు. బృందావతి అతని చేతిని రెండు చేతులతో పట్టుకుని, నీళ్లున్న కుండను తెచ్చినట్టు జాగ్రత్తగా తీసుకొచ్చింది.

"సిస్టరమ్మా, సెయ్యి మాటాడట్లేదు. సెవెట్టి ఇన్నాను. ఇటూ అటూ పెట్టి ఇన్నాను. నా సెవే బాగోనేదేమో, నీ గొట్టంతో సూడమ్మా."

ఎస్తేరు నన్ను మణికట్టు మీద పెట్టింది. ఇంకొంచెం పైన పెట్టింది. మోచేతి దగ్గర పెట్టింది. నేను వినగలిగిందంతా విన్నాను. ఏమీ లేదు. హోరు ఆగిపోయిన చోట రక్తం గడ్డకట్టి ఉంది.

డాక్టరు వచ్చి ప్రయత్నించాడు. గోడలు గచ్చయిన నాళంలోంచి గడ్డను లాగే దారి దొరకలేదు. మెషిను ఎక్కించడానికి మెడ నరంలోకి తాత్కాలికంగా గొట్టం దించారు. రెండో చేతిలో ఫిస్టులా చేద్దామంటే స్కానులో అక్కడా సున్నపు తెల్లటి గీతలే.

"గుండె బలహీనమన్నారు," అంది బృందావతి. "సేతికేటయింది మరి? సేతిల గుండె నేదు కదా?"

గవరయ్య మంచం మీద లేచి కూర్చుని మళ్లీ పడుకున్నాడు. ఆమె ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ వచ్చింది. తనకు తప్ప అందరికీ ఏదో తెలుసునని ఆమెకు ఆ నిమిషంలో అర్థమైంది.

ఎస్తేరు ఆమెను బయట సిమెంటు బల్ల మీదకు తీసుకెళ్లి చెప్పింది. నేను ఎస్తేరు మెడలోనే ఉన్నాను. అరటిపండు ముక్క దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పింది. బృందావతి ఒళ్లో పెట్టుకున్న తన వేళ్ల వైపే చూస్తూ కూర్చుంది. చివరికి ఒకటే అడిగింది.

"మావకి తెల్సా?"

"మొదటి రోజు నుంచి తెలుసమ్మా."

లోపలికి వెళ్లి మొగుడి మంచం పక్కన నిలబడింది. అరుస్తుందనుకున్నారు అందరూ. ఆమె గొంతు తగ్గిపోయింది.

"మరెందుకు తిన్నావు?"

"నువ్వెట్టినావు."

"నాను ఇసం ఎట్టినా తింతావా?"

"ఎంత బాగా ఏయించినావే, బుందా," అన్నాడు అతను. మెడలో గొట్టం వల్ల తల తిప్పలేక, కళ్లు మాత్రం తిప్పి. "వారమంతా దానికోసమే బతికినాను."

ఆమె అతని చెంప మీద ఒకటి కొట్టింది. గట్టిగా కాదు. కొట్టిన చేత్తోనే ఆ చెంపను పట్టుకుంది.

ఆ తర్వాత వచ్చినవి చప్పిడి రోజులు. ఆమె బట్టీ మానేసింది. అన్నం మధ్యలో మాత్ర నమిలించేది, తను కూడా అదే చప్పిడి కూర తినేది. ఫాస్ఫరస్ దిగింది. పరీక్ష చూసి డాక్టరు 'బాగా తగ్గిందమ్మా' అన్నాడు. అనేసి ఆమె ముఖం చూడలేక కాగితం వైపు చూశాడు. సున్నం పడడం ఆగుతుంది. పడిన సున్నం రాలదు. గుండె తలుపు దగ్గర రాపిడి పెద్దదై, నా అవసరం లేకుండానే ఊపిరిలో వినిపించే స్థాయికి వచ్చింది.

అతను మెషిన్ మీద ఉండగానే పోయాడు. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి అతని కాళ్ల మీద పడుతోంది. ఏదో చెప్పబోయి ఆగినట్టు నోరు కొంచెం తెరిచి ఉంది. డాక్టరు, ఎస్తేరు రొమ్ము మీద నొక్కినంతసేపు నొక్కారు. మెషిను ఆపేశారు. ఎస్తేరు నన్ను గుండె మీద పెట్టి, విని, తీసేసి, తల అడ్డంగా ఊపింది.

బృందావతి చేయి చాచింది. "ఇలాగియ్యమ్మా."

ఎస్తేరు నన్ను తన మెడలోంచి తీసి ఆమెకు ఇచ్చింది.

చెవుల్లో పెట్టుకుంది. నల్లని వేళ్లతో నా బిళ్లను అతని ఎడమ రొమ్ము మీద ఆనించి, ఊపిరి బిగబట్టింది. వార్డులో మెషిన్లు తప్ప ఇంకేమీ మాట్లాడడం లేదు. నాకు కింద నుంచి ఏమీ రావడం లేదు. చల్లబడుతున్న చర్మం, దాని వెనక గోడ, అంతే.

ఆమె ముఖం మెల్లగా మారింది.

"ఉన్నాది," అంది. "సన్నంగా. ఇనిపిస్తన్నాది బాబూ. దూరంగా ఉన్నాది గానీ ఉన్నాది."

డాక్టరుకు తెలుసు. ఎస్తేరుకూ తెలుసు. చెవులు గట్టిగా మూసుకుని, ఏమీ వినిపించని చోట మరీ శ్రద్ధగా వింటే, మనిషికి తన రక్తమే వినిపిస్తుంది. ఆమె చెవి పక్కన పారుతున్న ఆమె నెత్తురు. మెత్తటి నరాల్లో, ఎవరికీ ఇవ్వలేకపోయిన రెండు కిడ్నీలు వడగట్టిన శుభ్రమైన నెత్తురు.

నిజం చెప్పడం డాక్టరు పని. ఆయన నోరు తెరిచాడు. ఎస్తేరు ఆయన చేయి పట్టుకుని ఆపింది.

నన్ను ఎవరూ ఆమె చెవుల్లోంచి తీయలేదు. ఎండ అతని కాళ్ల మీద నుంచి నేల మీదకు జారింది. నేను నా బిళ్లను అతని రొమ్ముకు ఆనించుకుని, ఆమెకు ఆమె చప్పుడునే వినిపిస్తూ ఉండిపోయాను.